తూటాకీ టార్గెట్‌కీ మధ్య వెయ్యి గజాల గాలి

క్లుప్తంగా

రైఫిల్ షూటింగ్ అంటే మంచి చూపు, వణకని చెయ్యి అని చాలామంది అనుకుంటారు. దగ్గరి దూరాల్లో అది చాలావరకు నిజమే. వందల మీటర్లు దాటాక మాత్రం ఫలితాన్ని తేల్చేవి వేరే ఉన్నాయి: కంటికి కనబడని గాలి, దాన్ని చదివే ఓర్పు, తన తప్పు ఎంతో తనకే తెలిసి ఉండటం. ఈ అలవాట్లన్నీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గదిలోనే మొదలవుతాయి. తిరుపతి, చిత్తూరు పిల్లలకి చట్టం ప్రకారం తెరిచి ఉన్న దారి కూడా అదే.

జాతర బండి దగ్గర మొదలు

తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో బెలూన్లు కాల్చే బండి చుట్టూ ఎప్పుడూ పిల్లలే. చెక్కకి వరుసగా కట్టిన రంగు బెలూన్లు, ముందు ఒక బల్ల, బల్ల మీద బాగా వాడేసిన ఎయిర్ గన్. బెలూన్ మధ్యకి సరిగ్గా పట్టి కాల్చినా పెల్లెట్, అంటే చిన్న గుండు, పక్కన చెక్కకి తగులుతుంది. పిల్లవాడు తన గురి బాలేదనుకుని తుపాకీ కింద పెట్టేస్తాడు. అదే తుపాకీతో బండి యజమాని వరుసగా నాలుగు పగలగొడతాడు. అతని చూపు అందరికంటే గొప్పదేమీ కాదు. ఆ తుపాకీ ఎడమకి కొడుతుందని అతనికి తెలుసు, అందుకే బెలూన్ కుడి అంచుకి పట్టి కాలుస్తాడు.

తన చేతిలోని తుపాకీ ఎటు తప్పుతుందో, ఎంత తప్పుతుందో తెలిసి ఉండటం. వెయ్యి గజాల షూటింగ్‌కి మూలం కూడా ఇదే. దూరం పెరిగేకొద్దీ లెక్కలోకి తీసుకోవాల్సిన తప్పులు పెరుగుతాయి, అంతే.

ఈ విషయం ఇప్పుడు చర్చకి రావడానికి కారణాలున్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌లో వచ్చినవే. 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల (మోకాలి మీద, పడుకుని, నిలబడి) పోటీలో స్వప్నిల్ కుశాలే తెచ్చిన కాంస్యం ఆ విభాగంలో భారత్‌కి తొలి ఒలింపిక్ పతకం. కొల్హాపూర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చి అప్పట్లో రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన యువకుడు పతకం తేవడంతో చిన్న ఊళ్ల తల్లిదండ్రులు కూడా ఈ ఆట వైపు చూస్తున్నారు. ఇంకో పక్క యుద్ధ వార్తలతో వచ్చే రీల్స్‌లో మూడు కిలోమీటర్ల నుంచి కొట్టారన్న కబుర్లు తిరుగుతున్నాయి. ఆటకీ యుద్ధానికీ వేటకీ మధ్య గీత చెరిగిపోయి, పిల్లల మనసులో అన్నీ ఒకటే అయిపోతున్నాయి. ముందు దాన్ని విడదీసి చూడాలి.

10 మీటర్ల పది, వెయ్యి గజాల పది

ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలు ఇప్పుడు రెండే దూరాల్లో జరుగుతున్నాయి. ఎయిర్ రైఫిల్ 10 మీటర్లు, పాయింట్ 22 (తూటా వెడల్పు అంగుళాల్లో) రైఫిల్ 50 మీటర్లు. 300 మీటర్ల పోటీ 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్ నుంచి పోయింది, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మాత్రం ఉంది. వీటికి అవతల 800, 900, 1000 గజాల పోటీలు వేరే లోకం. వాటిలో పేరున్న పాల్మా మ్యాచ్ 1876లో అమెరికాలో మొదలైంది.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. మామూలు నడకలో పది పన్నెండు నిమిషాల దూరం. అంత దూరంలో నిలబెట్టిన ఆరడుగుల బోర్డు, చెయ్యి చాచి వేళ్ల మధ్య పట్టుకున్న ఆవగింజంత కనిపిస్తుంది.

ఇక్కడొక లెక్క ఆశ్చర్యపరుస్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క వెడల్పు కేవలం 0.5 మిల్లీమీటర్. పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే 10 వచ్చినట్టే కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం 5 మిల్లీమీటర్ల వలయంలో పడితే చాలు. ఇదే కోణాన్ని వెయ్యి మీటర్ల దాకా సాగదీస్తే ఆ వలయం 50 సెంటీమీటర్లు అవుతుంది. అమెరికాలో వెయ్యి గజాల పోటీలకి వాడే టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం 20 అంగుళాలు, అంటే దాదాపు అదే 50 సెంటీమీటర్లు.

అంటే గదిలో నిలబడి ఎయిర్ రైఫిల్‌తో 10 కొట్టే అమ్మాయి చేతిలో వెయ్యి గజాలకి కావలసిన నిలకడ ఇప్పటికే ఉంది. పైగా ఆమె నిలబడి కాలుస్తోంది, దూరపు షూటర్లు ఎక్కువగా నేల మీద పడుకుని కాలుస్తారు. మరి తేడా ఎక్కడ? గదిలో పెల్లెట్‌కీ కాగితానికీ మధ్య ఏమీ లేదు. మైదానంలో వెయ్యి గజాల గాలి ఉంది.

పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్న అర్జునుడి మాట మనవాళ్లు ఏకాగ్రతకి ఉదాహరణగా చెప్తారు. చెట్టు కింద నిలబడి కొట్టే బాణానికి అది సరిపోతుంది. దూరపు రైఫిల్ దగ్గర ఆ సలహా సగమే పనికొస్తుంది. పిట్టకీ తనకీ మధ్య ఉన్న దుమ్ము, ఆకులు, ఎండ, అన్నీ ముందు చూడాలి. చూసి, లెక్క కట్టి, సైట్ (రైఫిల్ మీద గురి చూసే అమరిక) సరిచేసుకున్న తర్వాతే పిట్ట కన్ను.

ఒకటిన్నర సెకను ప్రయాణం

తూటా గీత గీసినట్టు నేరుగా పోతుందని చాలామంది నమ్మకం. గొట్టం దాటిన క్షణం నుంచీ అది కిందికి పడుతూనే ఉంటుంది. పాయింట్ 308 రకం రైఫిల్ తూటా సెకనుకు సుమారు 790 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. వెయ్యి గజాలు చేరడానికి దానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. 100 గజాలకి సరిచేసిన సైట్‌తో అలాగే కాలిస్తే తూటా టార్గెట్‌కి సుమారు పది మీటర్ల కింద, అంటే మూడంతస్తుల మేడంత కింద పడుతుంది. అందుకే గొట్టాన్ని పైకెత్తి కాలుస్తారు. తూటా గోడ మీదుగా విసిరిన బంతిలా వంపు తిరిగి దిగుతుంది.

ఈ పడిపోవడం భయపెట్టే అంకెలా కనిపించినా నిజానికి సులువైన భాగం ఇదే. భూమి ఆకర్షణ రోజుకో రకంగా ఉండదు. దూరం సరిగ్గా తెలిస్తే, తూటా వేగం తెలిస్తే, లెక్క ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఇప్పుడు ఫోన్ యాప్‌లు కూడా ఆ లెక్క చేసిపెడుతున్నాయి. చిక్కల్లా చిన్న తేడాల దగ్గరుంది. ఒక తూటాకీ ఇంకో తూటాకీ వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా వస్తే వెయ్యి గజాల దగ్గర అది సుమారు అడుగు ఎత్తు తేడాగా మారుతుంది. ఎండలో పెట్టిన తూటాలో మందు కాస్త వేగంగా మండుతుంది, నీడలో ఉన్నది అలా మండదు. మే నెల తిరుపతి ఎండలో తూటాల పెట్టెని ఎక్కడ పెట్టామన్నదీ గురిలో భాగమే అవుతుంది.

గాలి పలచబడినా లెక్క మారుతుంది. 15 డిగ్రీల చలి పొద్దున ఉన్న గాలితో పోలిస్తే 40 డిగ్రీల మధ్యాహ్నపు గాలి దాదాపు 8 శాతం పలచన. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి, వేడి ఒకేలా ఉన్నా, సముద్రతీరం కంటే పది శాతానికి పైగా పలచగా ఉంటుంది. పలచటి గాలిలో తూటా వేగం తొందరగా తగ్గదు, తక్కువ పడుతుంది. తీరప్రాంతంలో రాసుకున్న లెక్క కొండ ప్రాంతంలో పనిచేయకపోవడానికి కారణం ఇదే.

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు తూటాని బొంగరంలా తిప్పుతాయి. పాయింట్ 308 తూటా సెకనుకు రెండున్నర వేల సార్లు తిరుగుతుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్టే తిరిగే తూటా ముక్కు ముందుకే ఉంచుకుని పోతుంది. లోపల గాడులు లేని నాటు తుపాకీకి ఈ గుణం లేదు. కొద్ది దూరం దాటాక దాని గుండ్లు ఎటు పోతాయో కాల్చినవాడికే తెలియదు. అయితే ఆ తిరుగుడుకీ ఖరీదుంది. కుడివైపు తిరిగే తూటా వెయ్యి గజాల దగ్గర సుమారు జానెడు కుడికి జరుగుతుంది.

భూమి తిరగడం వల్ల వచ్చే తేడా గురించి ఇంటర్నెట్‌లో చాలా హడావుడి ఉంది. లెక్క వేస్తే దాని అసలు పరిమాణం తెలుస్తుంది. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ వెయ్యి గజాల షాట్ పక్కకి జరిగేది మూడు సెంటీమీటర్ల లోపే. 50 డిగ్రీల అక్షాంశం మీదున్న యూరప్ ఊళ్లలో అది తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎత్తులో మాత్రం మన దగ్గరే తేడా ఎక్కువ. తూర్పుకి కాలిస్తే సుమారు 11 సెంటీమీటర్లు పైకి, పడమరకి కాలిస్తే అంతే కిందికి. ఇవన్నీ నిజాలే. కానీ గాలిని చదవడం రాని షూటర్ భూభ్రమణం లెక్క వేసుకోవడం, పునాది తీయకుండా సున్నం రంగు ఎంచుకోవడం లాంటిది.

గాలివాటం

గాలివాటం అన్న మాటని మనం లెక్కాపత్రం లేని పనికి వాడతాం. దూరపు షూటింగ్‌లో గాలివాటమే అసలు లెక్క.

గంటకి 16 కిలోమీటర్ల పక్కగాలి అంటే పెద్ద గాలేమీ కాదు. వేపాకులు ఆగకుండా కదులుతుంటాయి, చిన్న జెండా విప్పుకుంటుంది. ఆ గాలి పాయింట్ 308 తూటాని వెయ్యి గజాల దగ్గర సుమారు రెండున్నర మీటర్లు పక్కకి తోసేస్తుంది. దీన్ని విడమర్చి చూస్తే, గంటకి ఒక్క కిలోమీటరు గాలికి దాదాపు 15 సెంటీమీటర్లు. 10 పాయింట్ల వలయం మధ్య నుంచి అంచుకి ఉన్నది 25 సెంటీమీటర్లే. గాలి వేగాన్ని రెండు కిలోమీటర్లు తప్పుగా అంచనా వేస్తే చాలు, మిగతా పనంతా తప్పు లేకుండా చేసినా షాట్ పది దాటి బయటపడుతుంది. రెండు కిలోమీటర్ల తేడా ముఖానికి తెలియను కూడా తెలియదు.

పైగా గాలి దారంతా ఒకేలా ఉండదు. షూటర్ పక్కన ఎడమ నుంచి వీస్తుంటే, మధ్యలో వాగు దగ్గర ఆగిపోయి ఉండొచ్చు, టార్గెట్ దగ్గర కుడి నుంచి రావచ్చు. వీటిలో ఏది ముఖ్యమన్నది చాలాకాలంగా నడుస్తున్న వాదన. తూటా బయల్దేరిన చోట పక్కకి తోపు తగిలితే ఆ వంకర మిగతా దారంతా పెరుగుతూ పోతుంది కాబట్టి దగ్గరి గాలి బరువు ఎక్కువ. అయితే తూటా నడిమి దారిలో నేలకి చాలా ఎత్తున పోతుంది, అక్కడ గాలి జోరూ ఎక్కువే. అనుభవం ఉన్న షూటర్ మొత్తం దారిని రెండు మూడు ముక్కలుగా చూసి, ఒక్క అంకె మీదికి వస్తాడు.

గాలి వచ్చే దిక్కుని గడియారం ముల్లులా చెప్పుకోవడం రేంజ్‌లో, అంటే కాల్పుల మైదానంలో, అలవాటు. టార్గెట్ పన్నెండు గంటల వైపు ఉందనుకుంటే, మూడు గంటల నుంచో తొమ్మిది గంటల నుంచో వచ్చే గాలికి పూర్తి బలం. ఏటవాలుగా, సగం కోణంలో వస్తే 70 శాతం బలం. ఎదురుగా గానీ వెనక నుంచి గానీ వస్తే పక్కకి జరగడం దాదాపు ఉండదు. ప్రమాదమల్లా ఎదురుగాలిలోనే ఉంది. పన్నెండు గంటల దగ్గర అటూ ఇటూ ఊగే గాలి ఒక నిమిషం ఎడమకి, ఒక నిమిషం కుడికి కొడుతుంది. చూడటానికి పెద్ద గాలి ఏమీ లేనట్టే ఉంటుంది, టార్గెట్ మీద చిల్లులు మాత్రం రెండు వైపులా పడతాయి.

కనబడని గాలిని చూపించేది ఎండమావి. మిట్ట మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద దూరంగా నీళ్లు నిలిచినట్టు కనిపించేది అదే. వేడి నేల మీది గాలి పైకి లేస్తూ వెలుగుని వంచుతుంది. స్పాటింగ్ స్కోప్‌లో, అంటే టార్గెట్‌ని దగ్గరగా చూపే దుర్భిణిలో, చూస్తే ఆ వేడి అలలు విడివిడిగా కనిపిస్తాయి. గాలి లేకపోయినా, నేరుగా ఎదురుగా వీస్తున్నా, అలలు పొయ్యి మీది ఎసరులా నిటారుగా మరుగుతాయి. పక్కగాలి మొదలైతే అవి ఆ వైపుకి వాలతాయి. గాలి పెరిగేకొద్దీ పడుకుని వాగు నీళ్లలా పరుగెత్తుతాయి. గంటకి 20 కిలోమీటర్లు దాటాక ఇక వేగం చదవడం కష్టం, అప్పుడు ఆకులే దిక్కు. దాహం వేసినవాడిని మోసం చేసేదని మన భాషలో పేరు పడ్డ ఎండమావి, గాలి విషయంలో మాత్రం నిజం చెబుతుంది.

శేషాచలం లాంటి కొండ పక్కనున్న మైదానంలో గాలికి రోజువారీ లయ ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ రాళ్లు వేడెక్కి గాలి వాలు మీదుగా పైకి లాగబడుతుంది. రాత్రి చల్లబడ్డాక కిందికి జారుతుంది. రెండింటి మధ్య, తెల్లవారిన కాసేపటి దాకా, గాలి నిమ్మళంగా ఉంటుంది. అప్పుడు మంచి స్కోర్లు వస్తాయి. నేర్చుకోవడానికి మాత్రం పదకొండు గంటల గాలే మంచిది. నిమ్మళంగా ఉన్న పొద్దున మాత్రమే కాల్చేవాడికి పోటీ రోజు గాలి కొత్తగా కనిపిస్తుంది.

ఐదు చిల్లులు ఒక్క చోట

ఎన్.సి.సి.లో మొదటిసారి పాయింట్ 22 రైఫిల్ పట్టుకున్న క్యాడెట్‌కి ఐదు తూటాలిస్తారు. పడుకుని కాలుస్తారు. కాల్చడం అయిపోయి రేంజ్ క్లియర్ అన్నాక అందరూ టార్గెట్ దగ్గరికి పరుగెత్తుతారు. ఒకరి కాగితంలో ఒక చిల్లు సరిగ్గా నల్ల చుక్క మధ్యలో ఉంటుంది, మిగతా నాలుగూ నాలుగు మూలలా. ఇంకొకరి చిల్లులన్నీ కింద ఎడమ మూలలో, అయిదు రూపాయల బిళ్ల పెడితే మూసుకుపోయేంత దగ్గరగా. మొదటి క్యాడెట్ సంబరపడుతుంటే ఇన్‌స్ట్రక్టర్ రెండో కాగితం దగ్గర ఆగుతాడు. గ్రూపింగ్ వచ్చింది, అంటాడు.

ఆ మాటలో చాలా ఉంది. చిల్లులన్నీ ఒకే చోట పడితే మనిషి ప్రతిసారీ ఒకే పని చేశాడని అర్థం. తప్పు సైట్‌ది, దాని మరని నాలుగు క్లిక్కులు తిప్పితే గ్రూప్ మొత్తం మధ్యకి వస్తుంది. చెల్లాచెదురుగా పడితే ఏ సైటూ సరిచేయలేదు. మధ్యలో పడ్డ ఆ ఒక్కటి అదృష్టం. జాతర బండి యజమాని నాలుగు బెలూన్లు పగలగొట్టగలిగింది కూడా ఆ తుపాకీ ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది కాబట్టే.

ఒకే పనిని మళ్లీ మళ్లీ ఒకేలా చేయడానికి శరీరాన్ని ఎముకల మీద నిలబెట్టాలి, కండల మీద కాదు. కండ అలిసిపోతుంది, వణుకుతుంది. ఎముక అలవదు. మోచేయి రైఫిల్ కింద ఆనాలి, బరువు నేల మీదికి దిగాలి. ఆ తర్వాత కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకుని తెరిస్తే సైట్ ఎక్కడుందో చూడాలి. టార్గెట్ పక్కన ఉంటే చేత్తో లాగి తేకూడదు, నడుమో కాళ్లో జరుపుకోవాలి. చేత్తో లాగిన రైఫిల్ ట్రిగ్గర్ వదిలిన క్షణంలో తన సొంత చోటికి వెళ్లిపోతుంది.

ఊపిరి సగం వదిలాక కొన్ని సెకన్లు శరీరం తనంతట తానే నిశ్చలంగా ఉంటుంది. షాట్ ఆ సందులో పోవాలి. ఎనిమిది పది సెకన్లు దాటితే కంటికి ఆక్సిజన్ తగ్గి చూపు మసకబారుతుంది, మనసు తొందరపెడుతుంది. ట్రిగ్గర్‌ని లాగకూడదు, పిండాలి. చూపుడు వేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్‌ని నేరుగా వెనక్కి నొక్కుతూ పోతుంది, పేలే క్షణం ఎప్పుడో వేలికి ముందే తెలియకూడదు. తెలిస్తే భుజం బిగుసుకుంటుంది. ఇది నేర్పడానికి పాత పద్ధతి ఒకటుంది. ఖాళీ రైఫిల్ గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కమంటారు. బిళ్ల పడకూడదు. రోజుకి వందసార్లు, నెలల తరబడి, ఒక్క తూటా కాల్చకుండా ఈ డ్రై ప్రాక్టీస్ సాగుతుంది. పిల్లల్లో ఎక్కువమంది ఆట మానేసేది ఇక్కడే.

చివరి షాట్ ముందు మనసు

ఒలింపిక్స్ రైఫిల్ చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన పేరు మ్యాథ్యూ ఎమన్స్. 2004 ఏథెన్స్‌లో 50 మీటర్ల మూడు భంగిమల ఫైనల్‌లో ఈ అమెరికా షూటర్ మొదటి స్థానంలో ఉన్నాడు. చివరి షాట్ మామూలుగా పడితే స్వర్ణం. షాట్ కాల్చాడు. తన టార్గెట్ మీద ఏమీ నమోదు కాలేదు. పక్క లేన్ టార్గెట్‌ని కాల్చాడని తేలింది. స్కోరు సున్నా, ఎనిమిదో స్థానం. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో మళ్లీ అదే పోటీ, మళ్లీ చివరి షాట్ ముందు మొదటి స్థానం. గురి సర్దుకుంటుండగా వేలు తగిలి ట్రిగ్గర్ ముందే పేలింది. స్కోరు 4.4, నాలుగో స్థానం. 2012 లండన్‌లో అదే పోటీలో చివరి షాట్ 7.6 పడి రజతం చేజారినా కాంస్యం దక్కించుకున్నాడు.

ఇతను ఏథెన్స్‌లోనే ఇంకో పోటీలో స్వర్ణం గెలిచిన మనిషి. చెయ్యీ చూపూ లోపం కాదు. వేలసార్లు చేసిన వరుసలో ఒక్క మెట్టు జారింది. లేన్ నంబర్ చూసుకోవడం లాంటి చిన్న మెట్టు. టెన్షన్ చెయ్యిని వణికిస్తుందని అందరూ అంటారు. అది అంతకంటే ముందు చేసే పని, వరుసలోంచి ఒక పనిని మాయం చేయడం. అందుకే పెద్ద షూటర్లు ప్రతి షాట్‌కీ ఒకే వరుస పాటిస్తారు. లేన్ నంబర్, గాలి, ఊపిరి, వేలు. మొదటి షాట్‌కీ అరవయ్యో షాట్‌కీ అదే.

అభినవ్ బింద్రా కథ దీనికి రెండో వైపు. 2008 బీజింగ్ ఫైనల్‌కి ముందు ప్రాక్టీస్ షాట్లు ఉన్నట్టుండి దూరంగా పడ్డాయి, రైఫిల్ సైట్ మారిపోయి ఉంది. ఎందుకు మారిందన్న ఆలోచనలో పడకుండా సరిచేసుకుని ఫైనల్ మొదలుపెట్టారు. చివరి షాట్ ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హక్కినెన్‌తో స్కోరు సమం. అప్పుడు 10.8 కొట్టి 700.5తో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. స్వప్నిల్ కుశాలే కూడా పారిస్‌లో అర్హత పోటీలో 590తో ఏడో స్థానంలో ఉండి ఫైనల్‌కి వచ్చారు. మోకాలి మీద, పడుకుని కాల్చిన దశలు అయ్యేసరికి కూడా పతక స్థానంలో లేరు. నిలబడి కాల్చే చివరి దశలో మెల్లగా పైకి వచ్చి 451.4తో మూడో స్థానంలో ఆగారు.

దూరపు షూటింగ్‌లో దీనికి ఇంకో గుణం తోడవ్వాలి. షాట్ మానుకోగలగడం. గాలి మారిందన్న అనుమానం వస్తే వేలు తీసేసి, ఊపిరి వదిలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. సిద్ధమైన షాట్‌ని వదులుకోవడం మొదట్లో ఓటమిలా అనిపిస్తుంది. ఏళ్లు గడిచాక మంచి షూటర్‌ని గుర్తుపట్టేది దాన్ని బట్టే.

ఇంకొకటి, షాట్ ఎక్కడ పడిందో స్కోప్‌లో చూడకముందే చెప్పడం. పేలిన క్షణంలో సైట్ ఎక్కడుందో కంటికి తెలుసు. కుడి పైన తొమ్మిది అని నోట్‌బుక్‌లో రాసి, తర్వాత చూసుకోవాలి. రెండూ కలిస్తే తప్పు తనది. కలవకపోతే గాలిదో రైఫిల్‌దో. తారీఖు, వేళ, ఎండ, గాలి దిక్కు, ఊహించిన చోటు, పడిన చోటు. రెండు మూడేళ్ల తర్వాత ఆ నోట్‌బుక్ ఏ ఖరీదైన స్కోప్ కంటే ఎక్కువ పనికొస్తుంది, అందులో అబద్ధాలు రాయకపోతేనే. గాలి వల్ల పోయిందని ప్రతి చెడ్డ షాట్ పక్కనా రాసుకునేవాడు ఎప్పటికీ నేర్చుకోలేడు.

మూడు కిలోమీటర్ల వార్తలు

2017లో ఇరాక్‌లో కెనడా సైనికుడు 3,540 మీటర్ల నుంచి కొట్టినట్టు, 2023లో ఉక్రెయిన్‌లో 3,800 మీటర్ల షాట్ పడినట్టు వార్తలొచ్చాయి. కెనడా షాట్‌లో తూటాకి పట్టిన సమయం దాదాపు పది సెకన్లు. ఆ పది సెకన్లలో గాలి ఎన్నిసార్లయినా మారొచ్చు. అవి యుద్ధంలో, పక్కన సహాయకుడితో, వేరే రకం భారీ రైఫిళ్లతో జరిగినవి. ఆటలో నైపుణ్యానికి కొలత వేరు. ఒక్కసారి తగలడం కాదు, పదిహేను ఇరవై తూటాలు వరుసగా ఒకే వలయంలో పడాలి. రీల్స్‌లో తగిలిన షాట్ ఒక్కటే ఉంటుంది. తప్పినవాటిని ఎవరూ అప్‌లోడ్ చేయరు.

తిరుపతి, చిత్తూరులో దారి ఎటు

ఇక్కడి కొండలూ మైదానాలూ చూసి దూరపు షూటింగ్‌కి అనువైన చోటు అనుకునేవాళ్లున్నారు. చట్టం దానికి ఒప్పుకోదు. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. అందులోనే శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. అనుమతి లేకుండా అలాంటి అడవిలోకి తుపాకీతో అడుగు పెట్టడమే నేరం. పంట మీద పడే పందుల బాధ పడమటి మండలాల రైతులకి నిజంగానే ఉంది, ఆ కోపంతో దాచుకున్న నాటు తుపాకీ మాత్రం ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది, ఎవరి ప్రాణమైనా తీయగలదు. దానికీ రైఫిల్ షూటింగ్ అనే ఆటకీ ఏ సంబంధమూ లేదు. పెద్ద రేంజ్‌లు ఎక్కువగా పోలీసు, సైనిక శిక్షణకే పరిమితం. తిరుపతి దగ్గర కల్యాణి డ్యామ్‌లో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. 300 మీటర్ల పోటీల్లో మన దేశం తరఫున ఎక్కువగా కనిపించేది సైన్యంలోని షూటర్లే. వాళ్లకి మధ్యప్రదేశ్‌లోని మహూలో ప్రత్యేక మార్క్స్‌మన్‌షిప్ (గురి శిక్షణ) యూనిట్ ఉంది.

సామాన్య కుటుంబానికి తెరిచి ఉన్నది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బోర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్‌ల శక్తి దాటని ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పాయింట్ 22 మొదలుకుని అన్నిటికీ కావాలి. లైసెన్స్ అక్కర్లేదంటే బొమ్మ అని అర్థం కాదు. ఎయిర్ గన్ పెల్లెట్ కన్ను పోగొట్టగలదు. డాబా మీద నుంచి పిట్టల్ని, ఉడతల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. కొనివ్వాలనుకునే తల్లిదండ్రులు ముందు పిల్లల్ని పెద్దలున్న రేంజ్‌కి తీసుకెళ్లాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, చెప్పేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఈ రెండు నియమాలు ఒంటబట్టాకే మిగతావి.

ఖర్చు అసలు అడ్డంకి. పోటీకి వాడే విదేశీ ఎయిర్ రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది, బిగుతైన జాకెట్, ప్యాంటు, బూట్లు అదనం. అందుకే ఒక్కో కుటుంబం కొనుక్కునే పద్ధతి కంటే క్లబ్ రైఫిల్‌ని నలుగురైదుగురు వంతులవారీగా వాడే పద్ధతి చిన్న ఊళ్లకి నప్పుతుంది. కావలసిన స్థలం కూడా తక్కువే. 10 మీటర్ల దూరం, వెనక గట్టి గోడ, మంచి వెలుతురు ఉంటే బడిలో వాడని హాలు సరిపోతుంది. కాలేజీ పిల్లలకి ఎన్.సి.సి. ఉండనే ఉంది, పాయింట్ 22 రైఫిల్ చట్టబద్ధంగా చేతికి వచ్చే సులువైన చోటు అదే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది కూడా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

ఆ గది నుంచి వెయ్యి గజాలకి వెళ్లేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది సైన్యం ద్వారానో కేంద్ర బలగాల ద్వారానో వెళ్తారు. తిరుపతి నుంచి అలా వెళ్లే పిల్లవాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది గాలి ఒక్కటే. మొదటి రోజు రేంజ్‌లో పడుకుని స్కోప్‌లోకి చూసినప్పుడు టార్గెట్ ముందు వేడి అలలు కుడికి వాలుతూ కనిపిస్తాయి. రేణిగుంట రోడ్డు మీద చిన్నప్పటి నుంచీ చూసినవే.